చెవిటమ్మ వినని చప్పుడు

ఆ యంత్రానికి చెవిటమ్మ అని పేరు పెట్టినవాడు దాలినాయుడు. కాగితాల మీద దాని పేరు అంతఃశ్రుతి. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు నోరు తిరక్క ఆ పేరును రెండు ముక్కలు చేసి పలికేవారు. ముప్పై ఏళ్ళు నౌకాదళంలో జలాంతర్గాముల చప్పుళ్ళు విని, రిటైరై, మళ్ళీ కాంట్రాక్టు మీద విశాఖపట్నం ప్రయోగశాలలో చేరిన దాలినాయుడు మాత్రం మొదటి వారంలోనే తేల్చేశాడు.

"వంద మైళ్ళ అవతల సేప తోకాడిస్తే ఇంటాది. గదిలో మనం గొంతు సించుకుంటే పలకదు. సెవిటిది కాకపోతే ఏటి మరి?"

హైమావతికి ఆ పేరు నచ్చింది. ఆ గదిలో ఇంజినీరూ కాని, నావికుడూ కాని మనిషి ఆమె ఒక్కతే. మనస్తత్వశాస్త్రం చదివి, మానసిక వైద్యశాలలో ఆరేళ్ళు రోగుల మాటలకన్నా వాళ్ళ మౌనాలే ఎక్కువ విన్న మనిషి. అలాంటి మనిషి ప్రయోగశాలకు కావలసివచ్చింది.

సముద్రం అడుగున వెంట్రుకంత సన్నని గాజు తీగలు వేల మైళ్ళు పరిచింది భాగస్వామి దేశం. జలాంతర్గామి ఇంజను ఆపేసి నీటిలో దాక్కోవచ్చు. కానీ దాని కడుపులో యాభై మంది మనుషులుంటారు. నడుస్తారు, గ్లాసు బల్ల మీద పెడతారు, తలుపు వేస్తారు, తుమ్ముతారు. ఆ చప్పుళ్ళను ఉక్కు గోడ నీటికి అప్పజెబుతుంది. తీగలు వాటిని ఒడ్డుకు మోసుకొస్తాయి. ఇంజినీర్లకు చేతనైంది అంతవరకే. ఆ చప్పుళ్ళ వెనక మనుషులు ఏ మనసుతో ఉన్నారో యంత్రానికి నేర్పింది హైమావతి. మన జలాంతర్గాములు విన్యాసాలు చేస్తున్నప్పుడు ఏడేళ్ళపాటు రికార్డు చేసిన చప్పుళ్ళతో నేర్పింది. తెర మీద నాలుగు గీతలు కదులుతాయి: విశ్రాంతి, విసుగు, భయం, సంకల్పం.

సంకల్పం గీతకు గుర్తులు ఆమే రాసింది. వంటగది మూగబోతుంది. అడుగులు మెత్తబడతాయి. నవ్వులూ తిట్లూ ఆగిపోతాయి. ఓడ ముందు భాగంలో, టార్పెడో గొట్టాల దగ్గర, మనుషుల అలికిడి తెగదు. "చంపడానికి నిశ్చయించుకున్నవాళ్ళు తినడం మానేస్తారు" అని ఆమె ఒక నివేదికలో రాసింది. ఆ వాక్యాన్ని పరాయి దేశాల సదస్సుల్లో వల్లె వేశారు.

ఒకప్పుడు మన దేశం ఎవరి గొడుగు కింద నిలబడదామా అని చూసేది. ఇప్పుడు గొడుగు పట్టమని మన గుమ్మంలోకే వస్తున్నారు. "తీగ వాళ్ళది, మనసు మనది" అనేవాడు ప్రయోగశాల అధిపతి కమొడోర్ పరాంకుశం, వచ్చిన ప్రతి అతిథికీ టీ అందిస్తూ. ఒప్పందంలో ఒక షరతు ఉంది. సంకల్పం గీత తొంభై దాటి పన్నెండు నిమిషాలు అక్కడే నిలిస్తే, సముద్రం అడుగున పడుకుని ఉన్న మూడు టార్పెడోలు మేలుకుంటాయి. ఆ తరవాత శత్రువు గొట్టం తలుపు తెరిచిన క్షణాన అవే బయలుదేరతాయి. మనిషిని అడగవు. ఈలోగా ఆపాలంటే కారణం రాసి రెండు సంతకాలు చెయ్యాలి, ఒకటి మనవాళ్ళది, ఒకటి వాళ్ళది.

వాళ్ళ తరఫున ఆ గదిలో కూర్చునేవాడు హెండ్రిక్. పొడుగాటి మనిషి. మాట్లాడేది ఇంగ్లీషే అయినా 'పర్లేదు' అన్న ఒక్క మాట నేర్చుకుని, టీ ఒలికినా వాన పడినా దాన్నే వాడేవాడు.

ఆషాఢంలో ఒక మంగళవారం చెవిటమ్మ ఒక కొత్త కడుపును పట్టుకుంది. పొరుగు దేశపు జలాంతర్గామి. తీరానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, కదలకుండా ఉంది. ఆ వారమే ఉమ్మడి విన్యాసాలకు వచ్చిన భాగస్వామి దేశపు ఓడలు రేవు బయట లంగరేసి ఉన్నాయి. వాటిలో నాలుగు వేల మంది నావికులు. పొద్దున ఏడింటికే ఆ జలాంతర్గామిలో వంటగది మూగబోయింది. సంకల్పం అరవై నాలుగు.

"గూఢచారి పని మీద వచ్చాడు. చూసి పోతాడు," అన్నాడు కమొడోర్.

సాయంత్రానికి డెబ్భై ఎనిమిది.

*

పెదవాల్తేరులో ఇల్లు చేరేసరికి హైమావతి భర్త విఠల్ కాఫీ కలుపుతున్నాడు. పాలిటెక్నిక్‌లో లెక్చరరు. ఆమె గ్లాసు చేతికిచ్చి, తన గ్లాసును మడిచిన తువాలు మీద పెట్టుకున్నాడు.

"బల్ల మీద తువాలెందుకు?" అని అడిగింది.

"చప్పుడైతే నువ్వు చెప్పేస్తావుగా, నాకు కోపమో, ఆకలో, నిద్రో. నా సంగతి నాకు తెలిసేలోపే నీకు తెలిసిపోతే ఈ ఇంట్లో ఇంక నేనెందుకు?"

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ విరిగిందో ఆమెకు వినపడింది. వినపడకుండా ఉంటే బాగుండునని ఈ మధ్య తరచు అనుకుంటోంది. బస్సులో పక్క మనిషి చేతిసంచి సర్దుకునే తీరు, లిఫ్టులో ఎవరో తాళాలు ఆడించే తీరు, అన్నీ గీతలై ఆమె లోపల లేచి కూర్చుంటున్నాయి. ఆమె నేర్పిన యంత్రం ఆమెకే ఎదురు పాఠం చెబుతోంది.

"అమ్మ పోయిన రోజు కూడా లెక్కపెట్టావు నువ్వు," అన్నాడు విఠల్, కాఫీలోకి చూస్తూ.

అత్తగారు పోయి నలభై రోజులయింది. ఈ మాట ఈ నలభై రోజులూ అతని దగ్గరే ఉందని ఆమెకు అర్థమయింది.

"ఏం లెక్కపెట్టాను?"

"అడుగులు. గోడకానుకుని కళ్ళు మూసుకున్నావు. అలిసిపోయి కునుకు తీస్తున్నావనుకున్నా. చూస్తే నీ వేలు మోకాలి మీద ఆడుతోంది. వచ్చినవాళ్ళని లెక్క వేస్తున్నావు. మా అమ్మ అక్కడ పడుకుని ఉంటే!"

కాదనడానికి లేదు. వేలు దానంతట అదే ఆడింది. తనను క్షమించమని అడగడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. క్షమించమంటే ఆ అలవాటు మానాలి కదా, అది తన చేతిలో లేదు.

అతనే మళ్ళీ అడిగాడు. "ఎంతమంది?"

"నూట పన్నెండు."

"అంతమందా?" అతని గొంతు కొంచెం సడలింది. "నాకెవరూ కనిపించలేదే ఆ రోజు."

*

బుధవారం పొద్దున పది ఇరవై రెండుకు సంకల్పం తొంభై ఒకటికి చేరింది. తెర అంచున ఎర్ర అంకెలు వెలిగి పన్నెండు నిమిషాల నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టాయి.

కమొడోర్ నిలబడ్డాడు. హెండ్రిక్ తన బల్ల దగ్గరున్న ఎర్ర టెలిఫోను మీద చెయ్యి వేసి ఉంచాడు. రెండు రాజధానుల్లోనూ ఇదే అంకె, ఇదే క్షణాన వెలుగుతూ ఉంటుంది. గదిలో 'పర్లేదు' అనేవాళ్ళు లేరు.

"ఓడల్ని కదలమనండి," అన్నాడు హెండ్రిక్.

"లంగరెత్తడానికే అరగంట పడుతుంది," అన్నాడు కమొడోర్. "హైమావతి గారూ, చెప్పండి. మీ గుర్తులేగా ఇవన్నీ?"

అన్నీ ఆమె గుర్తులే. వంటగది ఇరవై ఏడు గంటలుగా మూగగా ఉంది. అడుగులు మెత్తగా ఉన్నాయి, బూట్లు విప్పేసినట్టు. నవ్వు లేదు. ముందు భాగంలో అలికిడి తెగలేదు. తను పరీక్షకు రాసిచ్చిన జవాబును ఎవరో అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నట్టుంది. సరిగ్గా అందుకే ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. మనుషులెప్పుడూ ఇంత సరిగ్గా అప్పజెప్పరు.

పొద్దుటి నుంచీ వింటున్న హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పక్కనే దాలినాయుడు తన హెడ్‌ఫోన్లను చేత్తో చెవికి అదుముకుని వింటున్నాడు.

ఒకడు వెనక నుంచి మెల్లగా నడిచి వచ్చాడు. గొట్టాల దగ్గర ఆగాడు. కాసేపటికి వెనక్కి నడిచాడు. తరవాత ఇంకొకడు. తరవాత ఒక ఈడ్పు అడుగు.

"వంటోడు," అన్నాడు దాలినాయుడు. "కుడి కాలు ఈడుస్తాడు. నిన్నట్నుంచీ నానెరుగుదును."

"వంటవాడికి టార్పెడోల దగ్గర ఏం పని?"

"అదే మరి నాకూ అంతుసిక్కడం నేదు."

ఈడ్పు అడుగు ఆగింది. మిగతావాళ్ళ కన్నా ఎక్కువసేపు ఆగింది. తిరిగి వెళ్ళేటప్పుడు మధ్యలో ఒకసారి తడబడింది.

"నాయుడు గారూ, పొద్దుటి నుంచీ ఎంతమంది వచ్చారు?"

"ఇరవై తొమ్మిది."

ఆమె లెక్కకూ ఇరవై తొమ్మిదే వచ్చింది. కిందికి చూసుకుంది. వేలు మోకాలి మీద ఆడుతోంది.

"ఎంతమంది అక్కడే ఉండిపోయారు?"

"ఇద్దరే. ఆ ఇద్దరూ గంటకోసారి మారతన్నారు. మిగతావోళ్ళు వొచ్చి, నిలబడి, ఎల్లిపోతన్నారు."

పెదవాల్తేరు ఇంటి హాలు ఆమె కళ్ళ ముందుకు రాలేదు, చెవుల్లోకి వచ్చింది. ఆ రోజు పొయ్యి వెలగలేదు. పక్కింటి రత్నంగారు క్యారియరులో తెచ్చిన అన్నం మూత తీయకుండానే ఉండిపోయింది. గుమ్మం బయట చెప్పులు విప్పిన చప్పుడు. మెత్తగా నడిచొచ్చి, తల దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తెలియక ఒక్క క్షణం ఎక్కువ నిలబడి, వెనక్కి తిరిగిన నూట పన్నెండు జతల కాళ్ళు.

హెడ్‌ఫోన్లు తీసేసింది.

"దాడికి సిద్ధమయ్యేవాళ్ళు గొట్టాల దగ్గరే ఉండిపోతారు సార్. వీళ్ళు ఉండిపోవడం లేదు. చూసి వెళ్తున్నారు."

"దేన్ని చూసి?"

"శవాన్ని. కడచూపు సార్ ఇది. లోపల ఎవరో చనిపోయారు."

ఏడు నిమిషాలు.

కమొడోర్ ఆమె వంక కాదు, తెర వంక చూశాడు. "చనిపోతే ఇంటికి తీసుకుపోతారు. టార్పెడో గొట్టం దగ్గరేం పని?"

"యాడికి తీసుకుపోతారండి?" దాలినాయుడు అందుకున్నాడు. "ఆళ్ళ రేవుకి మూడు వారాల దారి. పైకి తేల్దామంటే మన గుమ్మంలో ఉన్నారు. లోపల సూస్తే ఉడుకు. గొట్టంలోంచి గంగమ్మకి అప్పజెప్పడమే. మా బోటులో ఒకసారి అలగే అనుకున్నాం. దేముడి దయ, ఆ మడిసి బతికీసినాడు. ఇప్పటికీ ఎదవ నాకు బాకీయే, నా దుప్పటి ఆడికే సుట్టినాం."

ఎవరూ నవ్వలేదు, కానీ గదిలో ఊపిరి కొంచెం కదిలింది.

"యంత్రం తొంభై మూడంటోంది. మీరెంతంటారు?" అన్నాడు కమొడోర్.

"నా దగ్గర అంకె లేదు సార్."

"ఓడల్లో నాలుగు వేల మంది ఉన్నారమ్మా!"

ఆ మాట ఆమెకు తెలియక కాదు. ఇంకొక భయం దానికన్నా లోపల కదులుతోంది. చావు చూసిన మనిషికి ప్రతి చీకటి మూలలోనూ తన శవమే కనిపిస్తుందని ఆమే విద్యార్థులకు పాఠం చెప్పింది. నలభై రోజులుగా తను మొయ్యని దుఃఖాన్ని ఇప్పుడు సముద్రం అడుగున, ఎవరో పరాయివాళ్ళ కాళ్ళకు తొడిగి వింటోందా? తన మనసు తనకు చెబుతున్న దాన్ని ఏ గీత మీద కొలవాలి? తనది కాని సాక్ష్యం ఒకటి కావాలి. దుఃఖం అంటని సాక్ష్యం.

"నాయుడు గారూ, నిన్న సాయంత్రం టార్పెడోను లాగే గిలక చప్పుడు విన్నాం. టార్పెడో ఎక్కించారని యంత్రం రాసుకుంది. ఆ ముక్క మళ్ళీ వినండి. ఎక్కించారా, దించారా?"

దాలినాయుడు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్ళీ తిప్పి విన్నాడు. ఐదు నిమిషాలు. నాలుగు నిమిషాల యాభై.

"ఓలమ్మ! లోపలికి తోస్తే గిలక మూలుగు పోనుపోనూ తగ్గాల. బరువు గొట్టం మోసీసుకుంటాది కదా. ఇది పోనుపోనూ పెరుగుతోంది. ఉన్నదాన్ని బయటికి లాగినారు. మళ్ళీ గిలక తిరగనేదు. ఆ గొట్టం కాళీ అండి!"

"ఖచ్చితంగానా?"

"కుర్రతనంలో ఏళ్ళ తరబడి ఆ గిలక తిప్పిన సేతులండి ఇవి. సెవిటమ్మ ఎప్పుడైనా తిప్పిందేటి?"

కమొడోర్ సంతకాలు పెట్టే తెరపలకను దగ్గరికి లాక్కుని కలం తీశాడు. కారణాల జాబితాలో నాలుగే ఉన్నాయి: తిమింగలం, భూకంపం, సొంత నౌక, యంత్రదోషం. నాలుగో దాని మీద వేలు పెట్టి సంతకం చేసి, పలకను హెండ్రిక్ ముందుకు జరిపాడు.

హెండ్రిక్ దాన్ని ముట్టుకోలేదు. "యంత్రదోషమని నేను సంతకం పెడితే ఈ యంత్రం మీద శుక్రవారం జరగవలసిన కొత్త ఒప్పందం జరగదు. ఇంకా మూడు దేశాలు మీ వెనక నిలబడడానికి ఎదురుచూస్తున్నాయి. అవి నిలబడవు. మీరు కోల్పోయేది మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది," అన్నాడు కమొడోర్. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా సేపు పట్టినట్టు హైమావతికి వినిపించింది.

ఆమె తన హెడ్‌ఫోన్లు హెండ్రిక్ చేతికిచ్చింది. "ఏమీ అనుకోకండి. ఊరికే లెక్కపెట్టండి."

అతను పెట్టుకున్నాడు. ఒక నిమిషం. నిమిషం పది. మెత్తటి అడుగులు వచ్చాయి, ఆగాయి, వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి, ఆగాయి, వెళ్ళాయి. హెండ్రిక్ పెదాలు అంకెల మీద కదిలి, మూడో మనిషి దగ్గర ఆగిపోయాయి.

"వరసలో నిలబడ్డారు," అన్నాడు మెల్లగా. "ఎవరూ తోసుకోవడం లేదు. మా వైపు కూడా ఇలాగే..." హెడ్‌ఫోన్లు తియ్యకుండానే పలక మీద సంతకం చేశాడు.

ఎర్ర అంకెలు నలభై ఒక సెకన్ల దగ్గర నిలిచిపోయాయి.

*

ఆ తరవాతి పదిహేడు నిమిషాలంత పొడుగైనవి వాళ్ళ జీవితాల్లో ఇంక రావు. ఇప్పుడు ఆమె లెక్క తప్పయితే ఆపడానికి ఏమీ లేదు. రేవు బయట ఓడలు లంగరు గొలుసులు లాగుతూనే ఉన్నాయి. ఆమె గోడ గడియారం వంక చూడలేదు, తెర వంక చూడలేదు. తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. అవి ఎవరివో అన్నట్టున్నాయి.

పది యాభై ఒకటికి గొట్టం బయటి తలుపు తెరుచుకుంది.

గదిలో ఒక కుర్చీ కిర్రుమంది. గాలి తోసిన బుసబుస. తరవాత ఏదో నీటిలోకి వచ్చింది.

దాలినాయుడు కళ్ళు గట్టిగా మూసుకుని విన్నాడు. మోటారు తిరిగితే మొదటి క్షణంలోనే తెలుస్తుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"మోటారు నేదు," అన్నాడు. హెడ్‌ఫోన్లను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. మళ్ళీ అన్నాడు. "నేదండి. మునుగుతోంది. ఊరికే అలగ మునుగుతోంది."

అక్కడ సముద్రం లోతు వెయ్యి మీటర్లు. చెవిటమ్మ దాన్ని అడుగుదాకా వింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. కమొడోర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. హెండ్రిక్ లేచి నిలబడ్డాడు. పేరు తెలియని ఆ మనిషి, ఎవరి కొడుకో, ఏ జబ్బుతోనో, ఏ ప్రమాదంలోనో పోయినవాడు, ఇసుక మీద ఒత్తిగిలిన చప్పుడు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతని శత్రువుల గదిలో నలుగురు నిలబడే ఉన్నారు.

అప్పుడు జలాంతర్గామి ఇంజను మొదలయింది. ముందు మెల్లగా, తరవాత నిబ్బరంగా, తూర్పుకు తిరిగి నడక సాగించింది. దాని వంటగదిలో ఏదో ఇనప గిన్నె కింద పడింది. వెంటనే ఎవరో ఎవర్నో కేకలేశారు. భాష తెలియకపోయినా అది తిట్టేనని అందరికీ తెలిసింది.

"వంటోడికి పడిపోయినాయి అక్షింతలు!" అన్నాడు దాలినాయుడు, కళ్ళు తుడుచుకుంటూ.

ముందు నవ్వింది హెండ్రిక్. ఎందుకు నవ్వుతున్నారో తెలియని నవ్వు గది అంతా పాకింది. కమొడోర్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు.

"తింటున్నారా వాళ్ళు?" అని అడిగాడు.

"వండుతున్నారు సార్."

"బాబ్బాబు, తిననివ్వండి."

నివేదిక రాయడానికి హైమావతికి పావుగంట పట్టింది. దోషం యంత్రానిది కాదు, నాది అని రాసింది. విన్యాసాల్లో ఎవరూ చనిపోరు. అందుచేత ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఈ యంత్రానికి చావు ఇల్లు ఎలా ఉంటుందో నేను వినిపించలేదు. తినడం మానేసినవాళ్ళందరూ చంపడానికే మానేస్తారని రాశాను. ఆ వాక్యం తప్పు.

కమొడోర్ రెండుసార్లు చదివాడు. "ఇది బయటికి వెళ్తే మన పరువు సగం పోతుంది."

"అవును సార్."

"మిగతా సగంతో నెట్టుకొద్దాం." సంతకం చేసి, హెండ్రిక్ వైపు జరిపాడు.

హెండ్రిక్ చదివి, చివర తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు: పన్నెండు నిమిషాల షరతును ఇరుపక్షాలూ మళ్ళీ పరిశీలించే వరకు అడుగున ఉన్న టార్పెడోలను నిద్రపుచ్చి ఉంచాలి. శుక్రవారం సంతకాలు ఎలాగూ వాయిదా పడతాయని ముగ్గురికీ తెలుసు. ఎన్నాళ్ళకు, ఎవరితో అనేది ఇంకెవరైనా ఆలోచించుకోవచ్చు.

ఆమె బయటికొచ్చి, లాకరులోంచి ఫోను తీసుకుని, వసారాలో నిలబడింది. వాన వెలిసింది. దూరంగా రేవు బయట, ఎత్తబోయిన లంగర్లను మళ్ళీ దించుకుంటున్న ఓడలు కనిపిస్తున్నాయి. పైడెక్కు మీద ఎవరో తడి బట్టలు ఆరేస్తున్నారు. నాలుగు వేల మందిలో ఒక్కరికీ తెలియదు. తూర్పుగా వెళ్ళిపోతున్న నలభై తొమ్మిది మందికీ ఎప్పటికీ తెలియదు.

విఠల్ ఫోనెత్తాడు. వెనక కాలేజీ పిల్లల గోల.

"హైమా? ఈ టైములో చేశావు. ఏమైంది?"

చెప్పకూడని పని. చెప్పగలిగింది ఒక్కటే మాట, అదీ అక్షరాలా నిజమే.

"ఏమీ కాలేదు," అంది.

"మరి ఏడుస్తున్నావేం?"

"ఏమీ కాలేదనే."